బంతి వేగము, బౌలరు ఘనత: కొలబద్దల పరీక్ష



క్రికెట్ ఆటయందు మిక్కిలి వేగముగా బంతి వేసినవాడెవడు, బౌలర్లలో ఘనుడెవడు అను వాదము అరుగుమీద మొదలైనచో దీపాలవేళకుగాని ముగియదు. ముగిసినను తీర్పుతో ముగియదు. తాత థామ్సన్ అనును, తండ్రి వసీం అక్రం అనును, మనుమడు బుమ్రా అనును. ముగ్గురును తమతమ ఇరువదవ యేట చూచినవానినే ఘనుడనుట గమనింపదగినది.

వీరులను వరుసపెట్టి లెక్కించుట క్రొత్త పని కాదు. మహాభారతమున ఉద్యోగపర్వమందు, యుద్ధమునకు ముందు దుర్యోధనుడు అడుగగా, భీష్ముడు ఇరుపక్షములందలి వీరులను రథులనియు అతిరథులనియు లెక్కించి చెప్పెను. ఆ లెక్కలో కర్ణుని అర్ధరథుడనెను. కర్ణుడు కనలి, భీష్ముడు బ్రతికియుండగా యుద్ధము చేయననెను. ముసలివాడు పక్షపాతముతో అట్లనెనని తలచువారు నేటికిని గలరు. కాని భీష్ముడు ఊరక అనలేదు, కారణములు చెప్పెను. కర్ణునకు పుట్టుకతో వచ్చిన కవచకుండలములు పోయినవి, పరశురాముని శాపము తగిలియున్నది. అనగా భుజబలము నొక్కదానినే గాక, వీరుడు ఏ స్థితిలో నిలిచి పోరాడునో దానినిగూడ ఆయన లెక్కలోనికి తెచ్చెను. మరియొక విశేషము గలదు. ఆయన తన కాలమున తన కన్నులయెదుట నిలిచినవారినే లెక్కించెను. త్రేతాయుగపు విలుకాండ్రను తెచ్చి అర్జునుని ప్రక్కన నిలుపలేదు. ఆయన చేయని ఆ పనికి క్రికెట్ అభిమానులు దినదినము పూనుకొనుచున్నారు. పూనుకొనుట తప్పు కాదు. అయితే తూచుటకు ముందు తూనికరాళ్లను తూచి చూడవలెను.

పిచ్ పొడవు 22 గజములు. ఈ అంకె ఎచ్చటనుండి వచ్చినదో భూమి కొలిచినవారికి వెంటనే తట్టును. అది గంటర్ గొలుసు పొడవు. 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. 17వ శతాబ్దమున ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ ఏర్పరచిన ఆ గొలుసుతోనే పూర్వపు మద్రాసు రాష్ట్రమునందలి తెలుగు గ్రామముల పొలములను సర్వే చేసిరి. పాత క్షేత్రపటములలోని అంకెలు లింకులలో ఉండుట ఎందరో చూచియుందురు. లార్డ్స్ మైదానమున బౌలరునకును బ్యాట్స్‌మన్‌కును నడుమనున్న దూరమును, గోదావరి డెల్టాలో రైతు చేని గట్టును ఒకే గొలుసు కొలిచినదన్నమాట. ఆ గొలుసు వాడగా వాడగా కడియములు సాగును. సాగిన గొలుసుతో కొలిచినచో పొలము ఉన్నదానికంటె తక్కువగా లెక్కకు వచ్చును. అందుచేత తెలిసిన సర్వేయరు పనికి దిగుటకు ముందు గొలుసును ప్రమాణముతో సరిచూచుకొనును.

క్రికెట్‌లో గొలుసు సాగలేదు. ఒక కొన కుదించుకొనిపోయెను. 1960వ దశకమునకు ముందు నో-బాల్ నిర్ణయమునకు బౌలరుని వెనుకపాదమే ఆధారము. ఆ పాదము నేలనానునపుడు వికెట్ల వరుసలోనున్న గీతకు వెనుక నుండిన చాలును. పిమ్మట దానిని నేలపై ఈడ్చుకొనుచు పోవచ్చును. ముందుపాదము ఎదుటి గీతను దాటి పడినను దోషము లేదు. పొడవైన బౌలర్లు ఈ సదుపాయమును బాగుగా వాడుకొనిరి. పిదప శాసనము మారి ముందుపాదమే ప్రమాణమాయెను. ఇప్పుడు లెక్క చూడుడు. బంతి చేతినుండి విడివడిన చోటునకును బ్యాట్స్‌మన్‌కును నడుమ సుమారు 58 అడుగులు, అనగా పదునేడున్నర మీటర్లకు కొంచెము పైన, అనుకొందము. గంటకు 140 కిలోమీటర్ల వేగముతో వచ్చు బంతి అచ్చటికి చేరుటకు సెకనులో సగముకంటె తక్కువ కాలము పట్టును. బౌలరు రెండడుగులు ముందుకు వచ్చి అదే వేగముతో వేసినచో, బ్యాట్స్‌మన్‌కు అది 145 కిలోమీటర్ల బంతివలె తోచును. యంత్రము 140 అని చెప్పును, కన్ను 145 అని చెప్పును. రెండును నిజమే. ఆ కాలపు బ్యాట్స్‌మన్లు అతిశయోక్తులాడిరని కొట్టివేయుటకు ముందు ఈ రెండడుగులను జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక యంత్రముల సంగతి. 2003 ప్రపంచకప్పు పోటీలలో కేప్‌టౌన్‌నందు ఇంగ్లండుపై పాకిస్తాన్ బౌలరు షోయబ్ అఖ్తర్ వేసిన ఒక బంతి గంటకు 161.3 కిలోమీటర్లుగా నమోదైనది. అది నూరు మైళ్లకు పైమాట. ఈ అంకెను పట్టుకొని, అతనికి పూర్వులందరును మెల్లనివారని చెప్పుట సులభము. కాని పెర్త్ నగరమున జరిగిన రెండు కొలతలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఆ ధైర్యము సన్నగిల్లును. 1975 డిసెంబరులో వెస్టిండీస్ జట్టుతో అచ్చట జరిగిన టెస్టు సందర్భమున అతివేగముగా చిత్రములు తీయు కెమెరాలతో బౌలర్లను కొలిచిరి. జెఫ్ థామ్సన్‌కు 160, ఆండీ రాబర్ట్స్‌కు 159, మైకేల్ హోల్డింగ్‌కు 150, డెనిస్ లిల్లీకి 148 వచ్చినవి, దశాంశములు అటుంచుదము. 1979లో అదే నగరమున బౌలర్ల వేగమునకే ప్రత్యేకముగా పోటీ పెట్టిరి. అందు థామ్సన్‌కు 147.9, హోల్డింగ్‌కు 141.3, రాబర్ట్స్‌కు 138.6, లిల్లీకి 136.4 వచ్చినవి.

థామ్సన్ వేగము తగ్గినదనుటకు కారణము చెప్పవచ్చును. 1976 డిసెంబరులో అడిలైడ్‌లో క్యాచ్ పట్టబోయి తోడి ఆటగానిని ఢీకొని అతడు భుజము చెడగొట్టుకొనెను. కాని నలుగురును ఒక్కమారే, అందరును తొమ్మిదికి తక్కువగాక, రాబర్ట్స్ ఇరువదివరకును ఎట్లు తగ్గిరి? హోల్డింగ్ 1975లో ఇంకను ఎదుగుచున్న బాలుడు, 1979లో నిండు ప్రాయమున నున్నవాడు. ఊరిలోని నాలుగు గాదెల ధాన్యము ఒకే యేట ఒకే రీతిని తగ్గినట్లు కనబడినచో, ఎలుకలను వెదకుటకు ముందు కుంచమును చూచుట వివేకము. నాటి యంత్రము వేరు, సందర్భము వేరు. మ్యాచ్‌లో బ్యాట్స్‌మన్ ఎదుట వేయు బంతి ఒక తీరు. బహుమతి పోటీలో గురికి వేయు బంతి మరియొక తీరు. నేటి రాడార్ బంతి చేయి విడిచిన క్షణమందలి వేగమును చెప్పును. బంతి గాలిలో పోవుచు, నేలను తాకి లేచుచు వేగమును కోల్పోవును గనుక, దారిలో ఎచ్చట కొలిచినారను దానినిబట్టియే అంకె మారిపోవును.

ఫ్రాంక్ టైసన్ కథ ఇంతకంటె చిత్రము. 1954–55లో ఆస్ట్రేలియాలో 28 వికెట్లు తీసి, మెల్బోర్న్ టెస్టులో 27 పరుగులకు 7 వికెట్లు పడగొట్టి, ఆ దేశపు బ్యాట్స్‌మన్లను దిగ్భ్రాంతులను చేసిన ఇంగ్లండు బౌలరాతడు. ఆ పర్యటన చివర 1955లో న్యూజిలాండునందలి వెల్లింగ్టన్‌లో అతని వేగమును కొలువగా 89 మైళ్లు, అనగా 143 కిలోమీటర్లు వచ్చెను. చలిగానున్న ఉదయమున, శరీరము వేడెక్కకముందే, ఉన్ని స్వెట్టర్లు ధరించి వేసిన బంతికి వచ్చిన కొలత అది. పుస్తకములో మిగిలినది 143 మాత్రమే. స్వెట్టర్లు నమోదు కాలేదు.

యంత్రములు లేని కాలమున ఊహకు హద్దు లేకుండెను. 1911లో ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానమున వూస్టర్‌షైర్ బౌలరు బరోస్ వేసిన బంతి తగిలి స్టంపులపైని బెయిలు ఎగిరి 67 గజముల 6 అంగుళముల దూరమున పడినదని లెక్కగట్టి వ్రాసిపెట్టిరి. ఆరు అంగుళములను గూడ విడువలేదు! అయినను బరోస్ అత్యంత వేగవంతుడని నేడనువారు లేరు. బెయిలు ఎంత దూరము పోయినదనునది బంతి తగిలిన మూలనుబట్టి యుండును. దానికంటె మంచి సాక్ష్యములు వేరే గలవు. వికెట్ కీపరు స్టంపులకు ఎంత దూరమున నిలిచెను? స్లిప్పులలోనివారు ఎంత వెనుకకు జరిగిరి? ఒకే వారములో ఇద్దరు బౌలర్లను ఎదుర్కొన్న బ్యాట్స్‌మన్ వారిలో ఎవరికి ముందుగా బ్యాటెత్తవలసివచ్చెనని చెప్పెను? కీపరు తన పండ్లను కాపాడుకొనవలసినవాడు. అతడు నిలిచిన చోటు అబద్ధమాడదు.

ఇచ్చటనే ఒక తెలుగువాని సాక్ష్యము వినదగియున్నది. 1932 జూన్ 25వ తేదీన లార్డ్స్‌లో భారతజట్టు తన మొట్టమొదటి టెస్టు మ్యాచ్ ఆడెను. నాయకుడు సి.కె. నాయుడు, నాగపూరులో పుట్టిపెరిగిన తెలుగు కుటుంబీకుడు. ఇంగ్లండు పక్షమున మొదట దిగినవారు హోమ్స్, సట్క్లిఫ్. ఆ ఇద్దరే పదిదినములకు ముందు యార్క్‌షైర్ పక్షమున లేటన్‌లో తొలివికెట్టునకు 555 పరుగులు చేసి లోకమును ఆశ్చర్యపరచియుండిరి. వారిద్దరి స్టంపులను హోషియార్‌పూర్‌లో పుట్టిన మహమ్మద్ నిస్సార్ ఎగురగొట్టెను. ఒకరు 3, ఒకరు 6. వూలీ రనౌట్ కాగా ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు కోల్పోయెను. నిస్సార్ ఆ ఇన్నింగ్స్‌లో 93 పరుగులకు 5 వికెట్లు తీసెను. మొదటి ఓవర్లలో నిస్సార్ వేగము లార్‌వుడ్ వేగమునకు మించినదని నాయుడుగారి అభిప్రాయము. ఆ మ్యాచ్‌లో హెరాల్డ్ లార్‌వుడ్ ఆడలేదు గనుక అచ్చట ఇద్దరిని ప్రక్కప్రక్కన చూచు అవకాశము కలుగలేదు. స్వపక్షాభిమానము నాయుడుగారి చేత అట్లనిపించినదా? కొంత యుండవచ్చును. కాని ఆయన సాక్ష్యములో ఒక మెలకువ గలదు. నిస్సారే వేగవంతుడని ఆయన మొత్తముగా అనలేదు. మొదటి ఓవర్లలో అనెను. హద్దు పెట్టి చెప్పిన సాక్షిని న్యాయస్థానమున గూడ నమ్ముదురు.

లార్‌వుడ్ సంగతికి వత్తము. నాటింగ్‌హామ్‌షైర్ బొగ్గుగనులలో పనిచేసినవాడు, అంత పొడగరి కాడు. 1930లో డాన్ బ్రాడ్‌మన్ ఇంగ్లండుకు వచ్చి ఆ వరుసలో 974 పరుగులు చేసినపుడు లార్‌వుడ్ మూడు టెస్టులాడి నాలుగే వికెట్లు తీసెను. ఒక్కొక్క వికెట్టునకు 73 పరుగులిచ్చెను. రెండు సంవత్సరములు గడచిన పిమ్మట, 1932–33లో, జార్డిన్ నాయకత్వమున ఆస్ట్రేలియాలో అదే లార్‌వుడ్ 33 వికెట్లు తీసెను, సగటు 19.51. జీవితమంతటిలో 99.94 సగటు గల బ్రాడ్‌మన్ ఆ వరుసలో 56.57కు దిగెను. రెండేండ్లలో బౌలరుని వేగము ఇనుమడించియుండునా? మారినది బాడీలైన్ వ్యూహము. బంతిని శరీరమువైపు ఎగయునట్లు వేయుట, లెగ్ ప్రక్కన మనుషులను గుంపుగా నిలుపుట. తలకు హెల్మెట్ లేని దినములవి. నేటి బ్యాట్స్‌మన్ సహజకవచకుండలములతో దిగుచున్నవాడు. నాటివాడు వానిని దానమిచ్చిన కర్ణుడు. కనుక ఒకే వేగము రెండు కాలములలో రెండు భయములను కలిగించినది. లెగ్ ప్రక్కన వెనుకభాగమున ఇద్దరికంటె ఎక్కువమందిని నిలుపరాదను శాసనము 1957లో వచ్చెను.

వ్యూహము నాయకునిది, బంతి వేసినది లార్‌వుడ్. తరువాత క్షమాపణ చెప్పుమని కోరినపుడు, నాయకుని ఆజ్ఞ ప్రకారము వేసితిననియు, చెప్పవలసిన క్షమాపణ లేదనియు అతడు నిరాకరించెను. మరల ఇంగ్లండుకు ఆడలేదు. 1950లో కుటుంబముతో వలసపోయి సిడ్నీలో, తాను భయపెట్టిన దేశమందే, స్థిరపడెను. అతని ఖాతాలో 21 టెస్టులు, 78 వికెట్లు. సగటు 28.35. ఈ అంకెను మాత్రమే చూచినవాడు లార్‌వుడ్‌ను మధ్యరకపు బౌలరుగా కట్టి ముందుకు సాగిపోవును.

వేగమే ఘనతయైనచో లెక్క సులభముగా తేలిపోవలసినది. షోయబ్ 46 టెస్టులలో 178 వికెట్లు తీసెను. థామ్సన్ 51 టెస్టులలో సరిగా 200. వీరికంటె ఎంతయో మెల్లగా వేసిన గ్లెన్ మెక్‌గ్రాత్ 563 వికెట్లు, 21.64 సగటుతో తీసెను. అతని ఆయుధము వేగము కాదు, గురి. బ్యాట్స్‌మన్ ఆడవలెనో విడువవలెనో తేల్చుకొనలేని ఆ జానెడు చోట బంతిని ఉదయమునుండి సాయంత్రమువరకు వేయగలుగుట. చెట్టుపైని పక్షికన్ను తప్ప మరేమియు చూడని విలుకాని విద్య అది.

సగటు అను కొలబద్దకు గూడ పరీక్ష తప్పదు. జార్జి లోమన్ 112 వికెట్లు 10.75 సగటుతో తీసెను. అంత తక్కువ సగటు మరియొకరికి లేదు. అందు 35 వికెట్లు 1895–96లో అప్పటికి బలహీనమైన దక్షిణాఫ్రికాపై 5.80 సగటుతో వచ్చినవి. వానిని తీసివేసి మిగిలిన 77 వికెట్లను లెక్కించినచో సగటు సుమారు 13. అప్పటికిని అద్భుతమే. అయితే ఆ కాలపు పిచ్‌లు ఎట్టివి? 1882లో ఓవల్ మైదానమున స్పాఫర్త్ 90 పరుగులకు 14 వికెట్లు తీసి ఆస్ట్రేలియాను 7 పరుగులతో గెలిపించిన మ్యాచ్‌లో నాలుగు ఇన్నింగ్సులును కలిపి 363 పరుగులే. అదే ఓవల్‌లో 1938లో ఇంగ్లండు ఒక్క ఇన్నింగ్స్‌లోనే 903 చేసెను. వానకు తడిసి ఎండకు ఆరిన నేల బౌలరు చేతిలో మరియొక వ్రేలువంటిది. అందుచే లోమన్‌ను మెక్‌గ్రాత్‌తో పోల్చరాదు. లోమన్ ఆడిన మ్యాచ్‌లలో, అదే నేలపై, అదే వానలో బంతి వేసిన తక్కినవారితో పోల్చవలెను. ఆ పోలికలో ఎంత మిగులునో అదియే అతని సొంత ఆస్తి. తక్కినది నేల యిచ్చిన అప్పు.

ఆ పరీక్షకు తట్టుకొను పేరు సిడ్నీ బార్న్స్. 27 టెస్టులలో 189 వికెట్లు, సగటు 16.43. 1913–14లో నలుబది యేండ్ల వయస్సున దక్షిణాఫ్రికాలో నాలుగే టెస్టులలో 49 వికెట్లు తీసెను. ఒక వరుసలో అన్ని వికెట్లు తీసినవాడు ఆ వెనుక నూరు సంవత్సరములు గడచినను పుట్టలేదు.

ఖాతాపుస్తకములో సాధారణముగా ఎవ్వరును చూడని ఒక గడి గలదు. అది అవకాశముల గడి. 2024లో విరమించిన జేమ్స్ ఆండర్సన్ 188 టెస్టులాడి 704 వికెట్లు తీసెను. ఆ ఓరిమికి చేతులు జోడింపవలసినదే. కాని దక్షిణాఫ్రికావాడైన మైక్ ప్రాక్టర్ 7 టెస్టులలో 41 వికెట్లు 15.02 సగటుతో తీసి అచ్చటనే నిలిచిపోయెను. వర్ణవివక్ష కారణముగా అతని దేశము 1970 మొదలు రెండు దశాబ్దములు టెస్టుక్రికెట్‌కు దూరమాయెను. ప్రాక్టర్‌కు ఏడు దొరకినవి. అదే దేశపు నల్లవారికి ఆ పుస్తకములో పేరు వ్రాయించుకొను హక్కే లేకుండెను. వారిలో ఎందరు వేగవంతులో ఏ యంత్రము చెప్పగలదు?

అంత దూరము పోనక్కరలేదు. దళిత కుటుంబమున పుట్టిన పల్వంకర్ బాలూ పూనాలో దొరల మైదానమున పిచ్ చదునుచేసి, వల కట్టిన చోట దొరలకు బంతులు వేసి, విద్య సంపాదించెను. హిందూ జట్టు తరపున వికెట్లు తీయుచున్న దినములలో గూడ అతనికి టీ పెవిలియన్ వెలుపల వేరు పాత్రలో ఇచ్చిరి. అతడు వేసినది వేగపు బంతి కాదు, ఎడమచేతి స్పిన్. 1911లో భారతజట్టు ఇంగ్లండు పర్యటించినపుడు అతడు 114 వికెట్లు తీసెను. టెస్టులు? ఒక్కటియు లేదు, భారతదేశమునకు టెస్టు హోదా వచ్చునప్పటికి అతని ఆట ముగిసియుండెను. విద్యాప్రదర్శనరంగమున కర్ణుని కులమడిగినవారు, ఏకలవ్యుని బొటనవ్రేలడిగినవారు పురాణములలోనే యుండిరని తలచువారు ఈ టీ పాత్రను జ్ఞాపకముంచుకొనవలెను. టెస్టు పట్టికలో సున్న యున్నదని బాలూను ఘనుల లెక్కనుండి తీసివేయుట లెక్క కాదు, ఆ పాత్రనే మరియొకమారు అందించుట.

ఇన్ని చెప్పిన మీదట, ఫాస్టు బౌలర్లలో ఒక పేరు చెప్పుమని యువకులు పట్టుబట్టినచో మాల్కమ్ మార్షల్ పేరు వ్రాయవలసియుండును. 81 టెస్టులు, 376 వికెట్లు, సగటు 20.94. తోడుగా గార్నర్, హోల్డింగ్ వంటివారుండుటచే అతని పని సులువైనదని ఆక్షేపింతురు. తోడున్నచోట వికెట్లను పంచుకొనవలసివచ్చునని గూడ ఆలోచింపవలెను. 1983–84లో భారతదేశపు నేలమీదనే 33 వికెట్లు తీసెను. 1984లో హెడింగ్లీ మైదానమున ఎడమ బొటనవ్రేలు విరిగి కట్టు కట్టుకొనియుండగా ఒంటిచేత బ్యాటుచేసి, పిమ్మట 53 పరుగులకు 7 వికెట్లు తీసెను. వేగము, గురి, బంతిని ఇరువైపులకు మరల్చు నేర్పు, బ్యాట్స్‌మన్ మనస్సును చదువు తెలివి, ఈ నాలుగును ఒక్కనియందు ఇంతగా కూడుట అరుదు. ఒంటరిగా జట్టును మోసి 86 టెస్టులలో 431 వికెట్లు తీసిన న్యూజిలాండు హాడ్లీని ముందుంచువారితో కలహింపనక్కరలేదు.

బుమ్రాను మరువలేదు. 2024 డిసెంబరులో మెల్బోర్న్‌లో అతడు 200వ టెస్టు వికెట్టు తీసినపుడు అతని సగటు 20కి లోపల నుండెను. 200 వికెట్లు దాటినవారిలో అంతవరకు ఎవ్వరికిని అట్లు లేదు. హైదరాబాదు సిరాజ్ 2024 జనవరిలో కేప్‌టౌన్‌నందు 15 పరుగులకు 6 వికెట్లు తీసి దక్షిణాఫ్రికాను 55కే కూల్చుట, 2025లో ఓవల్‌లో చివరి ఉదయమున ఇంగ్లండును 6 పరుగులతో ఓడించుట యువకులు కన్నులార చూచినవే. ఆ బంతుల వేగము తెరమీద అంకెలలో కనబడినది. ముందుతరమువారు ఈ అంకెలను వాడుకొందురు. పిచ్ ఎట్లుండెనో, బ్యాట్స్‌మన్ తలపై ఏమి యుండెనో, యంత్రమెచ్చట నిలిపిరో వ్రాసిపెట్టి యుంచినచో వారి పని సులువగును.

నిస్సార్ విషయమున అట్లు వ్రాసిపెట్టినది కొంచెమే. అతని వేగమునకు అంకె లేదు. ఆడినవి 6 టెస్టులు, తీసినవి 25 వికెట్లు. మొదటి టెస్టు తొలి ఇన్నింగ్స్‌లో ఐదు. 1936లో ఓవల్‌నందు చివరి టెస్టు తొలి ఇన్నింగ్స్‌లోను ఐదే. అప్పటికి అతని వయస్సు ఇరువది యారు సంవత్సరములు. ఆ తరువాత 1946 వరకు భారతదేశము టెస్టు ఆడలేదు.